గృహమునకు ఇంధన మెవ్వరు?

గత మాఘమాసమున మా బావమఱది యొక కాగితపు చుట్టను చంకబెట్టుకొని మా యింటికి వచ్చెను. అనకాపల్లి చేరువ వానికి ఒక యెకరము మెట్టభూమి కలదు. పట్టణపు టుద్యోగము విడిచి, అచ్చట నొక యిల్లు కట్టుకొని, కూరగాయలు పండించుకొని, ఆవును పెంచుకొని బ్రదుకవలెనని వాని సంకల్పము. చుట్ట విప్పి పటము చూపెను. పెరట బావి, కప్పుమీద సోలారు పలకలు, కొట్టము ప్రక్క గోబరుగ్యాసు, వంటయింట కట్టెలపొయ్యి, మూల గదిలో ధాన్యపు గాదె, అన్నియు వేసియున్నవి. "రేపు కరెంటుంటుందో ఉండదో, గ్యాసు దొరుకుతుందో దొరకదో ఎవరికి తెలుసు బావగారూ! నా ఇల్లు మాత్రం ఎవరి మీదా ఆధారపడకుండా నిలబడాలి" అనెను.

నా భార్య వంటయింటినుండి చేతులు తుడుచుకొనుచు వచ్చి, తమ్ముని భుజముమీదుగా ఆ పటమును చాలసేపు చూచెను. "బాగానే ఉందిరా. ఆ బావిలోంచి నీళ్లు తోడేదెవరు?" అని యడిగెను.

అతడు నవ్వెను. నేను నవ్వలేకపోయితిని. దానికి కారణము చెప్పెదను.

2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీ, ఆదివారము, హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు మేము ఆ పట్టణమున నొక మేడలో మూడవ యంతస్తున అద్దెకుంటిమి. గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగమున వీచినదని తరువాత లెక్కగట్టిరి. ఆ యొక్క దినమున నగరమునందలి చెట్లు చాలభాగము నేలబడెను. విద్యుత్ స్తంభములు వరుసగా వంగిపోయెను. మా యింటి గోడ లేమాత్రమును చెదరలేదు, కప్పు కురియలేదు. తుపానునకు నిలిచిన యిల్లని మేము లోలోపల గర్వించితిమి. మఱునాటి యుదయమునకు మేడమీది తొట్టి యెండెను. మోటారు తిరుగదు. వీధి చివరి చేతిపంపు తప్ప నీటికి వేఱు దిక్కు లేదు. మా వీధికి తొమ్మిది దినములు కరెంటు రాలేదు.

ఆ తొమ్మిది దినములు నేనేమి చేసితిని? ఉదయమున క్రిందికి దిగి, ఇరుగుపొరుగు పురుషులతో గూడి, ఏ వీధికి దీపములు వచ్చినవి, మన వీధికి ఎప్పుడు వచ్చునని చర్చించితిని. పాఠశాలకు పోయి రేకులు లేచిపోయిన గదులు చూచి విచారించితిని. పాలకొఱకు ఒకటి రెండు మాఱులు వరుసలో నిలిచితిని. అది నా ఘనకార్యము. నీరు మోసినది నా భార్య. మూడవనాడు మా యింటి పనిమనిషి వచ్చెను. ఆమె గుడిసెకప్పు గాలికి పోయినది. పిల్లలను ఒక బడి వరండాలో నుంచి వచ్చినదట. ఆ పిల్లలు ఏమి తినుచున్నారని మేమడుగలేదు. బిందెకు ఇంతయని బేరము కుదుర్చుకొంటిమి. ఇంటికి కప్పులేని యామె కప్పున్న మా యింటికి నీరు మోసినది. ఇది నేను ఎవరితోను చెప్పుకొనలేదు. సిగ్గుపడవలసిన విషయమని తోచుటకే నాకు కొన్ని యేండ్లు పట్టెను.

చదువరులు నాతో గూడ ఒక చిన్న లెక్క వేయుదురు గాక. అయిదుగురున్న యింటికి మిక్కిలి పొదుపుగా వాడినను దినమునకు ఇరువది బిందెల నీరు కావలెను. బిందెకు పదునైదు లీటర్లనుకొన్నచో మూడు వందల కిలోల బరువు. దానిని మూడవ యంతస్తునకు, అనగా సుమారు తొమ్మిది మీటర్ల యెత్తునకు చేర్పవలెను. ఈ పనికి మోటారునకు పట్టు విద్యుత్తు, పంపు చేయు దుబారాను గూడ కలుపుకొన్నను, ఒక యూనిటులో నలువదవ వంతునకు మించదు. రూపాయలలో చెప్పినచో కొలది పైసలు. అదే పనిని ఒక స్త్రీ చేసినచో ఆ బరువుతోపాటు తన శరీరమును గూడ ఇరువది మాఱులు మెట్లెక్కింపవలెను. మనము మీట నొక్కునప్పుడు ఎంతటి చాకిరి ఆ పైసలలో దాగియున్నదో మనకు తెలియదు. తెలియకుండుటయే విద్యుత్తు యొక్క సౌఖ్యము.

కావున శక్తి కఱవైన కాలమును గూర్చి యోచించువారు ఒక్క సంగతి మఱవరాదు. శక్తి తగ్గినంత మాత్రమున పని తగ్గదు. నీరు పైకెక్కవలెను, పిండి నలుగవలెను, అన్నముడుకవలెను, మలము తొలగవలెను. తీగ చేయని పనిని ఎవరో యొకరి యొడలు చేయును. ఎవరి యొడలు? ఇల్లు కట్టదలచినవాడు మొదట నడుగవలసిన ప్రశ్న యిది యని నేననుకొందును. ఇటుక యేది, సున్నమేది, ఫలక మెన్ని కిలోవాట్లు అనునవి తరువాతి ప్రశ్నలు.

మన ధర్మశాస్త్రమున పంచసూనలని యొక భావన కలదు. సూన యనగా వధ్యస్థానము. గృహస్థుని యింట అట్టివి ఐదున్నవని మనుస్మృతి మూడవ యధ్యాయము చెప్పుచున్నది. అవి పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్లకుండ. వీనిని వాడునప్పుడు సూక్ష్మప్రాణులు నశించును గనుక ఆ దోషము పోవుటకై గృహస్థుడు దినదినము ఐదు మహాయజ్ఞములు చేయవలెనని విధి. విద్యార్థిదశలో నేనిది చదివి మిక్కిలి యానందించితిని. ఇల్లు నడచుటయే ఎవరికో బాధ కలిగించుట యనియు, ఆ ఋణము నెఱిగి తీర్చుకొనువాడే గృహస్థుడనియు చెప్పిన భావము నాకిప్పటికిని గొప్పదిగనే తోచును. కాని యా యైదు స్థానములను మఱియొకసారి చదువుడు. ఐదింటియొద్దను నడుము వంచి నిలిచియున్న దెవరు? చీమను లెక్కించిన శాస్త్రకారుడు స్త్రీని లెక్కింపలేదు. యజ్ఞఫలము గృహస్థునకు, నడుమునొప్పి గృహిణికి.

గడచిన నూఱేండ్లలో ఈ యైదు స్థానములను మార్చినది విద్యుత్తు, గ్యాసు. కందుకూరి వీరేశలింగము పంతులుగారి కాలమునుండియు మనము స్త్రీవిద్యను గూర్చి యుపన్యసించుచున్నాము. ఆ యుపన్యాసములను నేను తక్కువ చేయను. కాని నీళ్లబిందె దింపించి బాలికను బడికి పంపుటలో కుళాయి చేసిన సాయము ఏ యుపన్యాసమునకును తీసిపోదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపము పథకమును, దేశమంతట 2016లో ఉజ్జ్వల పథకమును పేదయిండ్లకు గ్యాసు పొయ్యి నిచ్చినప్పుడు వాని వెనుక నున్నది పొగతో మండిన కన్నుల కథయే. అట్లని బాధ నశించెనా? లేదు, దూరమయ్యెను. శ్రీశైలము జలాశయము నిండుటకు 1981లో పల్లెలకు పల్లెలు ఖాళీ చేయవలసివచ్చినది. బొగ్గుగనుల ప్రక్కవారు మనకొఱకు ధూళిని పీల్చుచున్నారు. మన గోడమీది మీట ఆఱవ సూన. దాని వధ్యస్థానము మన కంటికి కనబడనంత దూరమున నున్నది గనుక మనకు ప్రాయశ్చిత్తమే తోచలేదు.

ఇప్పుడు మా బావమఱదివంటివారు ఆ దూరపు బంధమును త్రెంచుకొనవలెనని కోరుచున్నారు. కోరిక మంచిదే. మన దేశము వాడు ముడిచమురులో నూటికి ఎనుబదియైదు పాళ్లకు పైగా పరదేశములనుండి వచ్చుచున్నది. వంటగ్యాసులోను సగముకంటె నెక్కువ యట్టిదే. ఇట్టి స్థితిలో ఇల్లు సిద్ధపడి యుండుట వివేకము. అయితే తీగను త్రెంచిననాడు ఆఱవ సూన పోయి మొదటి యైదును మరల ఇంటికి రాకుండునా?

ఇచ్చట కొందఱు మన పూర్వుల యిండ్లను చూపుదురు. గోదావరి మండలములలోని మండువా లోగిలిని ఎవరు ప్రేమింపరు? నాలుగు వైపుల చూరులు లోపలికి వంగి, నడుమ ఆకాశము కనబడుచు, మందమైన గోడలు, లోతైన వసారాలు, వేడిగాలి పైకి పోవుటకు త్రోవ. వైశాఖపు మధ్యాహ్నమున మండువా యంచున పండుకొన్నవాడు విసనకఱ్ఱ నడుగడు. రాయలసీమలో దంతెలపైన చవుడుమట్టి పఱచిన మిద్దెలు, కోస్తాలో తాటాకు చూరు నేలకు దిగివచ్చు చుట్టిండ్లు గూడ నట్టివే. చుట్టిల్లు గాలికి మూల చూపదు గనుక గాలి దానిని పట్టి యెత్తలేదు. ఈ పనితనమునుండి మన యింజనీర్లు నేర్చుకొనవలసినది చాల యున్నది. కాని లోగిలి చల్లదనమును పొగడువారు అది యెట్లు నడచినదో చెప్పరు. తెల్లవాఱకముందే ఆ మండువా నూడ్చిన దెవరు? అమావాస్యకు, పున్నమికి అటకమీది గంగాళములు దింపి తోమినదెవరు? పెరటి బావిని ముట్టుటకు అర్హత లేనివాడే చాల తావుల ఆ బావిని త్రవ్వెను. ఆ యిల్లు స్వయంసమృద్ధము కాదు. పాలేరు, చాకలి, కోడలు అను మూడు తీగలు దానికి తగిలియుండెను. వానికి బిల్లు మాత్రము రాదు.

ఆంగ్లము చదివిన మనకు మఱియొక వ్యామోహము కలదు. థోరో అను అమెరికా రచయిత 1845లో వాల్డెను సరస్సు గట్టున 28 డాలర్ల పండ్రెండున్నర సెంట్ల ఖర్చుతో కుటీరము కట్టుకొని, రెండేండ్ల రెండు మాసములు అందుండెను. యౌవనమున నా తలదిండు క్రింద ఉన్న పుస్తకమది. ఇప్పుడు చదివినచో, ఆ స్థలము స్నేహితుడైన ఎమర్సనుది యనియు, ఆ కుటీరమున పసిబిడ్డ గాని ముసలితల్లి గాని లేరనియు ముందుగా గుర్తువచ్చును. ఒంటరివాడు దేనినైనను త్యజింపవచ్చును. మోకాళ్ల నొప్పితో నున్న మా యమ్మ మూడవ యంతస్తు దిగలేదు గదా!

ఇంతవఱకు తప్పులే చెప్పితిని. పటము నెట్లు సవరించితిమో చెప్పవలసియున్నది. ఆ సాయంకాలము మొదలుకొని రెండు మూడు ఆదివారములు మేము మువ్వురమును ఆ కాగితముమీదనే కూర్చుంటిమి.

మొదట వేడిమి. మన దేశమున ఇంటి కరెంటు ఖర్చులో పెద్దది చల్లదనము కొఱకే. 2015 మే మాసపు వడగాడ్పులకు ప్రభుత్వ లెక్కల ప్రకారమే ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో వేయిమందికి పైగా చనిపోయిరి. వారిలో పెక్కురు ఎండలో పనిచేయువారును వృద్ధులును. కాబట్టి చల్లదనము విలాసము కాదు. కాని మనము కట్టు కాంక్రీటు కప్పు పగలంతయు ఎండను త్రాగి రాత్రియంతయు మనమీద గ్రక్కును. తరువాత ఆ వేడిని తోడుటకు యంత్రము పెట్టుదుము. టన్నున్నర యేసీ గట్టిగా నడచినచో ఒక గంటలో యూనిటున్నర విద్యుత్తు త్రాగవచ్చును. క్రొత్తరకపు పంకా సుమారు 30 వాట్లు చాలును. అట్టివి మూడు రాత్రి పది గంటలు తిరిగి, తొమ్మిది వాట్ల దీపములు ఐదు ఐదు గంటలు వెలిగినను మొత్తము యూనిటుకు కొంచె మెక్కువ. అనగా మూడు గదులవారి రాత్రి నిద్ర ఆ యంత్రపు గంటకంటె చవుక. అయితే పంకా చాలవలెనన్నచో గోడ, కప్పు తమ పని తాము చేయవలెను. పడమటి గోడకు కిటికీ తగ్గించి, అటు వేపచెట్టును, లోతైన వసారాను పెట్టితిమి. కప్పుమీద తెల్ల సున్నపు పూత. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పుల విధానమొకటి ప్రకటించినది గాని, సున్నము పూయుటకు విధానము వచ్చువఱకు ఆగనక్కఱలేదు. కప్పు నాలుగు వాలులది. రెండు వాలుల కప్పుకంటె తుపానుగాలికి అది మేలు. చూరును గోడకు ఇనుపబద్దలతో బంధింపవలెను.

గోడల విషయమున లారీ బేకరు (1917–2007) మాకు గురువు. ఆంగ్లదేశమున పుట్టి, భారతపౌరుడై, తిరువనంతపురమున స్థిరపడిన ఈ వాస్తుశిల్పి, ఇంటికి కావలసిన వస్తువులు ఐదు మైళ్లలోపల దొరకునవై యుండవలెనని గాంధీగారు తనకు చెప్పినట్లు చెప్పుకొనెడివాడు. ఇటుకలను ప్రక్కవాటుగ నిలిపి నడుమ ఖాళీ విడిచి కట్టు పద్ధతిని ఆయన కేరళమున విరివిగా వ్యాపింపజేసెను. రాట్‌ట్రాప్ బాండ్ అని యింజనీర్లు పిలుచు ఈ కట్టుబడిలో ఇటుక నాలుగవ వంతు ఆదా యగును. నడిమి గాలి వేడిని ఆపును. ఇటుక ఆదా యనగా డబ్బు ఆదా యని మాత్రమే మా బావమఱది సంతసించెను. ఇటుకబట్టీలలో పనిచేయువారిని నేను చూచితిని. పశ్చిమ ఒడిశాలోని బలాంగీరు, నువాపడా జిల్లాలనుండి అడ్వాన్సు పుచ్చుకొని, ఆ యప్పు తీఱువఱకు కదలలేక, పిల్లలతో గూడ మట్టి పిసుకు కుటుంబములవి. మన గృహప్రవేశమునకు ముందే ఎవరి యొడలో మన గోడలో కాలియుండును. ఇటుక తగ్గినంత మేర ఆ భారము తగ్గును. పునాదికి, నడుమెత్తువఱకు గోడకు, ఆ చుట్టుప్రక్కల కొండరాయి వాడుటకు నిశ్చయించితిమి.

నీటికి లెక్క తేలిక. చదరపు మీటరుమీద ఒక మిల్లీమీటరు వాన కురిసినచో ఒక లీటరు. నూఱు చదరపు మీటర్ల కప్పుమీద ఆ ప్రాంతమున ఏటికి పడు సుమారు వేయి మిల్లీమీటర్ల వానలో నూటికి ఎనుబది పాళ్లు పట్టినను ఎనుబది వేల లీటర్లగును. త్రాగుటకు, వంటకు మనిషికి పది లీటర్ల చొప్పున అయిదుగురకు రెండు వందల దినములకు కావలసినది పదివేల లీటర్లు. తొలివానను బయటికి విడిచి, తరువాతి నీటిని అంత తొట్టిలో నింపినచో వానలేని నెలలు గడచును. మా బావమఱది ఈ తొట్టిని నేలలో పాతిపెట్టి యుండెను. పటమునకు అది అందము. నా భార్య పెన్సిలు తీసికొని ఆ తొట్టిని కొట్టివేసి, చూరు క్రింద రాతి దిమ్మమీద వంటయింటి గోడకు ఆనించి వేసి, దానినుండి వంటగట్టునకు ఒక గీత గీచి, గీత చివర కుళాయి బొమ్మ వేసెను. చూరునుండి వచ్చు నీటికి ఎత్తు ఉండనే యున్నది. దానిని పాతాళమునకు దింపి మరల పైకి తోడుట యెందుకు? నేను భౌతికశాస్త్రము చెప్పగలను గాని ఈ యాలోచన నాకు రాలేదు. బిందె నెత్తినవారికే ఎత్తు విలువ తెలియును.

ఈజిప్టులో హసన్ ఫతీ యను గొప్ప వాస్తుశిల్పి 1940వ దశకమున న్యూ గూర్నా అను పల్లెను మట్టి యిటుకలతో, కమానులతో మనోహరముగా కట్టెను. ఎవరికొఱకు కట్టెనో వారిలో చాలమంది అచ్చటికి రానొల్లరైరి. వారికి వారి కారణములుండెను. పటము బాగుండుట వేఱు, అందుండువారికి నచ్చుట వేఱు. మన గృహములలో పటము గీయుట మగవాని పని, అందు తిరుగుట ఆడుదాని పని యైనంతకాలము ప్రతి యిల్లును ఒక చిన్న న్యూ గూర్నాయే.

సోలారు పలకల విషయమున మా బావమఱదికి ఒక యాశ్చర్యము తప్పలేదు. 2024లో ఆరంభమైన సూర్యఘర్ పథకమువలన మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల వఱకు రాయితీ వచ్చును. పలకలున్నచో వీధికి కరెంటు పోయినను తనకుండునని అతడు నమ్మెను. పెక్కుమంది యిట్లే నమ్ముదురు. అది నిజము కాదు. బ్యాటరీ లేక వీధితీగకు ముడివేసిన సాధారణపు అమరిక, తీగలో కరెంటు ఆగిన క్షణముననే తానును ఆగిపోవును. మిట్టమధ్యాహ్నపు టెండలో పలకలు తళతళలాడుచుండగా ఇంట చీకటి! కారణ మడిగితిమి. స్తంభమెక్కి తీగ సవరించు పనివాడు మన యింటినుండి పాఱు కరెంటువలన చావకుండుటకై ఆ యేర్పాటట. యంత్రమునకు ఈ వివేకము పెట్టినవారికి నా నమస్కారము. కావున తీగను విడదీసి నడుపగల ఇన్వర్టరు, ఒక రాత్రికి సరిపడు చిన్న బ్యాటరీ వేఱుగ పెట్టుకొనవలెను. ఒక కిలోవాటు పలకలు దినమునకు సుమారు నాలుగు యూనిట్లిచ్చును. పంకాలు, దీపములు పోగా మిగిలినది నీళ్లమోటారునకును రుబ్బురోలునకును అని వ్రాసితిమి. టీవీకి గాదు. ఈ క్రమము ముందుగానే వ్రాసి గోడకు తగిలింపవలెనని నా పట్టుదల. వ్రాయకున్నచో చీకటినాడు ఎవరి గొంతు పెద్దదో వారిదే కరెంటగును.

వంటయింటి సంగతి యింత సులువుగా తెమలలేదు. రెండు ఘనమీటర్ల గోబరుగ్యాసునకు దినమునకు సుమారు ఏబది కిలోల పేడ కావలెను. వాని పటములో ఒక్క యావు కలదు. ఒక యావు పదికిలోలు వేసినచో ఒక పొయ్యి గంటసేపు మండుట కష్టము. ఆ పేడ ఎత్తి, అంతే నీరు పోసి, చేతితో కలిపి దినదినము పోయువా రెవరు? అనేక పల్లెలలో ఆ తొట్లు ఎండి, అందు కోళ్లు పడుకొనుట నేను చూచితిని. కారణము యంత్రదోషము కాదు. కలుపువారు లేరు. కట్టెలపొయ్యి పొగ సంగతి చెప్పనక్కఱలేదు. తుదకు మేము ఒప్పుకొన్నది యిది. ఎండవేళ విద్యుత్ పొయ్యిమీద వండుట, అన్నమును పది నిమిషములు ఉడికించి ఊకతో నింపిన పెట్టెలో మూతపెట్టి దానంతట దానిని మగ్గనిచ్చుట, ఒక గ్యాసుబండను ఆపత్కాలమునకు దాచుట. రాత్రివేళ వేడివేడి కూర, వేడి చారు కావలెనను మగవారి యాచారము మాత్రము మానవలెను. ఇందుకు మా బావమఱది యింకను పూర్తిగా ఒప్పుకొనలేదు.

మరుగుదొడ్డికి సెప్టిక్ ట్యాంకు వేసియుండెను. అది నిండిననాడు దానిలోనికి దిగువా డెవడని అడిగితిని. 2013నాటి చట్టము మనిషిని అట్లు దింపుటను నిషేధించినది. అయినను ఆ తొట్లలో ఊపిరాడక చచ్చువారి వార్తలు ఆగలేదు. చచ్చువారు ఏ కులమువారో చదువరులకు చెప్పనక్కఱలేదు. స్వయంసమృద్ధమని పేరు పెట్టుకొని, మూడేండ్ల కొకసారి మఱియొకని ప్రాణమును అడుగు ఇల్లు ఏ విధమున స్వయంసమృద్ధము? రెండు గుంటల పద్ధతి వేసితిమి. ఒక గుంట నిండినప్పుడు రెండవదానికి త్రిప్పి, మొదటిదానిని రెండేండ్లు మూసియుంచినచో అది వాసన లేని ఎరువగును. పార పట్టి దానిని ఎత్తగలవాడు ఇంటి యజమానియే. బావికి దూరముగ త్రవ్వవలెను, అంతే.

ఇరుగుపొరుగు విషయమున వాదము సాగినది. ఎకరమునకు చుట్టును ఎత్తైన గోడ కట్టి, కఱవుకాలమున తన గాదె తనకే యుండవలెనని వాని యుద్దేశము. కౌటిల్యుని అర్థశాస్త్రమున మూడవ యధికరణమున ఇండ్ల సరిహద్దులను గూర్చి యొక ప్రకరణమున్నది. మన చూరునీరు పొరుగుగోడను పాడుచేయరాదు, మన కాలువ వారికి బాధ కారాదు అని దండములతో గూడ విధించినది. రెండవ యధికరణమున నిప్పు భయమునకై ప్రతి యింటను నీటికుండలు, నిచ్చెన, గొడ్డలి, చేట మొదలగునవి సిద్ధముగ నుండవలెనన్నది. ఆ నిచ్చెన నా యింటికొఱకే కాదు, పొరుగింటి కప్పు మండిననాడు ఎక్కుటకును గదా. ఇల్లు ఒంటరి వస్తువని ఆ పాత గ్రంథకర్త యనుకొనలేదు.

"మఱి తీగమీదనే ఆధారపడుమందురా?" అని వాడు కోపించెను. తీగ లోపములు నాకు తెలియును. 2012 జూలై 31వ తేదీన ఉత్తర, తూర్పు, ఈశాన్య భాగముల గ్రిడ్లు కూలి అరువది కోట్లమందికి పైగా ప్రజలకు కరెంటు పోయెను. మనము నాడు తప్పించుకొనుటకు కారణము దక్షిణపు గ్రిడ్డు వేఱుగ నుండుట. 2013 డిసెంబరు 31న మనదియు దేశపు గ్రిడ్డుతో కలిసినది. ఇప్పుడు వారి లోటు మనది, మన మిగులు వారిది. నేను దీనిని దురదృష్టమనుకొనను. ఆధారపడుట సిగ్గు కాదు. ఆధారపడినవారిని కనబడకుండ చేసికొనుటయే సిగ్గు. నా మూడవ యంతస్తులో నేను పనిమనిషిమీద ఆధారపడితిని. ఆ సంగతిని బిందె కూలితో కప్పివైచితిని.

గోడ యెత్తు సగము తగ్గినది. వాననీటి తొట్టికి వీధివైపున ఒక కుళాయి వచ్చినది. గోడ పూర్తిగా వలదని నా మాట, కుళాయికి తాళముండవలెనని వాని మాట. అది యింకను తేలలేదు.

చివరి యాదివారమున నా భార్య ఒక తెల్లకాగితము తీసికొని, కరెంటు, గ్యాసు రెండును లేని యొక దినమున ఆ యింట జరుగవలసిన పనులను ఉదయమునుండి రాత్రివఱకు వరుసగ వ్రాసెను. నీరు పట్టుట, ఊడ్చుట, పిండి రుబ్బుట, వండుట, అంట్లు, పేడ యెత్తుట, బట్టలుదుకుట, అమ్మకు స్నానము, గుంట చూచుట, దీపములకు నూనె. మొత్తము పదునాలుగు. ప్రతిదాని కెదురుగ ఒక గీత గీచి, ఎవరు చేయుదురో పేరు వ్రాయుమని తమ్ముని చేతికిచ్చెను. అతని భార్యయు ఆ దినమున వచ్చియుండెను. ఆమె యేమియు మాటాడలేదు గాని కాగితము కనబడునట్లు కుర్చీ జరుపుకొనెను. అతడు చాలసేపు ఆలోచించి ఆఱింటికి తన పేరు, నాల్గింటికి ఆమె పేరు, రెంటికి పెద్దకొడుకు పేరు వ్రాసెను. పేడ యెత్తుటకు "కూలి మనిషి" అని వ్రాసి, కొట్టివేసి, తన పేరే వ్రాసికొనెను. బట్టలుదుకుట కెదురుగ ఏమియు వ్రాయక కాగితము మడిచి జేబులో పెట్టుకొనెను. వైశాఖమున శంకుస్థాపన జరిగెను. ఆ గీత మీద పేరింకను పడలేదు.